మోటారు గుట్టు విప్పిన జి.డి. నాయుడు గారు

జొన్నాడ సెంటర్లో చప్పుడు లేకుండా పోయే బ్యాటరీ ఆటోలను మీరంతా చూసే ఉంటారు. వాటినైనా, ఎలక్ట్రిక్ కార్లనైనా నడిపేది మోటారే. ఆ మోటారును మన దేశంలో మొట్టమొదట తయారుచేసిన వారిలో ఒకరు తెలుగు కుటుంబంలో పుట్టిన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో రైతు ఇంట జన్మించారు. చదువు ఒంటబట్టక చిన్నతనంలోనే బడి మానేశారు. ఒకసారి ఇంగ్లీషు అధికారి మోటారు సైకిల్ చూసి మనసు పారేసుకున్నారు. కోయంబత్తూరులో హోటల్ సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి అలాంటి బండే కొన్నారు. దాన్ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించారు.

1920లో స్టేన్స్ దొర చేసిన సాయంతో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సు నడిపారు. 1933 నాటికి ఆయన కంపెనీకి 280 బస్సులు ఉండేవి.

చదువు లేకుండానే ఆయన పైకి రాలేదా అని కొందరు తమ్ముళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆయన వెనుక తండ్రి పొలం ఉంది, సాయం చేసే దొర ఉన్నాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. నాకు దొరికిన పెట్టుబడి ఈ హాస్టల్ సీటు ఒక్కటే. పైగా బడి మానేసిన ఆ మనిషే 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగు కాలేజీ పెట్టడానికి విరాళం ఇచ్చారు. నాలుగేళ్ల చదువు రెండేళ్లలో నేర్పవచ్చని పట్టుబట్టి, ప్రభుత్వం ఒప్పుకోకపోతే తప్పుకున్నారు.

ఇక మోటారు సంగతి. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలై కోయంబత్తూరుకు కరెంటు వచ్చింది. మిల్లులకు, బావులకు మోటార్లు కావాలి. అవన్నీ విదేశాల నుంచి రావలసిందే. నాయుడు గారు, బాలసుందరం నాయుడు గారు కలిసి 1937లో పీళమేడులో దేశీయ మోటారు తయారుచేశారు. మన కొబ్బరి తోటల్లో నీళ్లు తోడే మోటార్ల రేకు చూడండి, చాలావాటి మీద కోయంబత్తూరు పేరు కనిపిస్తుంది.

తీగచుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమవుతుంది. ఆ లాగుడు, తోపుడుతో ఇరుసు తిరుగుతుంది. తోటలో నీళ్లు తోడినా, కారు చక్రం తిప్పినా సూత్రం అదే. పెట్రోలు ఇంజనులా దీనికి పిస్టన్లు, వాల్వులు అక్కర్లేదు. కదిలీ కదలకముందే పూర్తి బలం ఇస్తుంది. బ్రేకు వేసేటప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీకి కరెంటు తిరిగి పంపుతుంది. 1899లోనే జెనాట్జీ అనే బెల్జియం వాసి ఎలక్ట్రిక్ కారులో గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటాడు. కానీ అప్పటి సీసపు బ్యాటరీలు బరువెక్కువ, దూరం తక్కువ. లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో గానీ మార్కెట్టుకు రాలేదు.

నాయుడు గారు మాత్రం పెట్రోలు కారే చేశారు. 1952లో ఇద్దరు కూర్చునే కారును 2,000 రూపాయలకే అమ్ముతామంటే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. నాకు బాగా బాధనిపించేది ఇదే. ఆ రోజే అనుమతి దొరికుంటే సామాన్యుడి ఇంటికి కారు ఎప్పుడో వచ్చేది.

ఆయన 1974 జనవరి 4న కన్నుమూశారు. 2001లో బెంగళూరులో రేవా ఎలక్ట్రిక్ కారు వచ్చింది. 2008లో నాయుడు గారి కోయంబత్తూరులోనే ఆంపియర్ కంపెనీ బ్యాటరీ స్కూటర్ల పని మొదలుపెట్టింది.