అంధుడైన గణితవేత్త – ఒక పెద్ద సంఖ్య

కంటి శుక్లానికి ఆపరేషన్ చేయించుకున్నవారు మన సభ్యులలో చాలామందే ఉంటారు. ఈ రోజుల్లో అది ఒక పూట పని. 1771లో ఆ ఆపరేషనే ఒక మహా గణితవేత్తకు మిగిలిన కాస్త చూపునూ పోగొట్టింది. ఆయన లియొనార్డ్ ఆయిలర్.

1707లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఒక మతగురువు ఇంట జన్మించారు. కొడుకు కూడా ఆ వృత్తిలోకే రావాలని తండ్రి కోరిక. కానీ యొహాన్ బెర్నూలీ అనే పండితుడు కుర్రవాడి ప్రతిభను గుర్తించి గణితం వైపు నడిపించారు. ఇరవయ్యో ఏట రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరారు. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 అనే సంఖ్య ప్రధాన సంఖ్య అని, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడదని, ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా భావించారు. అది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని ఆయిలర్ 1732లో చూపించారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు.

1738 ప్రాంతంలో కుడికన్ను పోయింది. 1741 నుంచి పాతికేళ్ళు బెర్లిన్‌లో పనిచేశారు గాని, అక్కడి రాజుగారితో పొసగలేదు. 1766లో రష్యా రాణి కేథరిన్ తిరిగి రమ్మన్నప్పుడు ఆయన కోరినవి ఇవి: ఏటా 3,000 రూబుళ్ళ జీతం, కొడుకులకు మంచి ఉద్యోగాలు, భార్యకు పెన్షను. ఫ్యామిలీ పెన్షన్ విలువ ఆయనకు ఆనాడే తెలుసునన్నమాట!

అక్కడికి వెళ్ళాక ఎడమకంటికి శుక్లం ముదిరింది. ఆపరేషన్ వికటించింది. అదే ఏడు ఇల్లు తగలబడితే, ఒక మనిషి ఆయనను మోసుకొచ్చి ప్రాణం కాపాడాడు.

ఆ మరుసటి ఏడాది, 65వ ఏట, ఆయన తన గురువు మనుమడికి పంపిన లేఖలో మరో సంఖ్య సంగతి ఉంది. 31 రెళ్ళను వరుసగా హెచ్చవేసి ఒకటి తీసేస్తే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనని ఆయన తేల్చారు. మామూలుగా అయితే 46,340 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ, అంటే నాలుగువేల ఏడువందలకు పైగా భాగహారాలు, చేసి చూడాలి. ఈ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానిని 248తో భాగిస్తే శేషం 1 గాని 63 గాని రావాలని ఆయన కనిపెట్టారు. దాంతో పరీక్షించవలసినవి వందలోపే మిగిలాయి. వాటిలో ఒక్కటీ భాగించలేదు. అనేక దశాబ్దాల పాటు, ప్రధానమని రుజువైన సంఖ్యలలో అదే పెద్దది.

కొడుకు, శిష్యులు రాసిపెడుతుండగా ఆయన నోటితో చెబుతూ పోయేవారు. మొత్తం రచనల్లో దాదాపు సగం 1766 తర్వాతవే. 1783 సెప్టెంబర్ 18న, కొత్తగా కనుగొన్న యురేనస్ గ్రహం కక్ష్య గురించి శిష్యుడితో చర్చించాక, ఆ రోజే మెదడులో రక్తస్రావమై కన్నుమూశారు. ఆయన మిగిల్చిపోయిన కాగితాలను అచ్చువేయడానికి అకాడమీకి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.