పులిసిన పాలు - మెచ్నికోవ్ ప్రశ్న

మీరు ఢిల్లీలోనో, నోయిడాలోనో ఉంటే, దుకాణాలలో 'ప్రోబయోటిక్' అని రాసి ఉన్న పెరుగు డబ్బాలను, చిన్న పాల సీసాలను చూసే ఉంటారు. మేలు చేసే సూక్ష్మజీవులు తగినన్ని, బ్రతికి ఉన్న స్థితిలో ఇందులో ఉంటాయని ఆ మాటకు అర్థం. ఇవి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తాయా? దీనికి జవాబు తెలుసుకోవాలంటే, పులిసిన పాలపై ప్రపంచం దృష్టిని మళ్ళించిన ఇల్యా మెచ్నికోవ్ జీవితాన్ని ముందుగా తెలుసుకోవాలి.

మెచ్నికోవ్ 1845లో ఖార్కివ్ దగ్గరి ఒక పల్లెలో జన్మించారు. అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉన్న ఆ ప్రాంతం ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఆయన నక్షత్ర చేప డింభకాలలో సన్నని ముళ్ళు గుచ్చారు. మరునాడు చూస్తే, కదిలే కణాలు ముళ్ళ చుట్టూ మూగి ఉన్నాయి. మన రక్తంలోని కొన్ని తెల్లకణాలు కూడా ఇలాగే రోగక్రిములను చుట్టుముట్టి మింగుతాయని ఆయన వివరించారు. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

1888 నుండి ఆయన పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేశారు. పెద్దపేగులోని కొన్ని బాక్టీరియాలు విషపదార్థాలను తయారుచేసి, ముసలితనాన్ని త్వరగా తెస్తాయని అక్కడ ఆయన భావించారు. బల్గేరియా పల్లెలలో పుల్లని పెరుగు తినేవారు ఎక్కువకాలం జీవిస్తారని ఆయన నమ్మారు. తానూ రోజూ పులిసిన పాలు తాగారు. 1916లో, 71 ఏళ్ళ వయసులో, గుండెజబ్బుతో మరణించారు.

బల్గేరియా పెరుగులోని బాక్టీరియా మన పేగులో స్థిరపడదని తరువాతి పరిశోధనలలో తేలింది. అయినా ఆయన వేసిన ప్రశ్న నిలిచింది. పేగు వరకు బ్రతికి చేరే రకాలను ఇతరులు వెదికారు. 1930లో జపాన్‌లో మినోరు షిరోటా అటువంటి రకాన్ని పెంచారు. ఢిల్లీకి దగ్గరలో, హర్యానాలోని సోనీపత్‌లో తయారయ్యే యాకుల్ట్ పానీయంలో ఉన్నది ఆ రకమే.

ఇక కొలెస్ట్రాల్ విషయానికి వద్దాం. కాలేయం కొలెస్ట్రాల్ నుండి పైత్యరస లవణాలను తయారుచేస్తుంది. వాటిలో ఎక్కువ భాగాన్ని పేగు తిరిగి పీల్చుకుంటుంది. కొన్ని రకాల బాక్టీరియాలు ఈ లవణాలను విడగొడతాయి. అప్పుడు అవి ఎక్కువగా మలంతో బయటకు పోతాయి. ఆ లోటు తీర్చడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. అందువల్ల కొలెస్ట్రాల్ కొంత తగ్గవచ్చు. అయితే ఈ తగ్గుదల స్వల్పమే. అన్ని రకాల బాక్టీరియాలూ ఈ పని చేయవు.

కాబట్టి పెరుగు తినండి, మజ్జిగ తాగండి. కాని వైద్యులు ఇచ్చిన మందును మానవద్దు. తియ్యని పానీయాలైతే అందులో చక్కెర ఎంత ఉందో సీసాపై చదవండి. గొప్ప శాస్త్రవేత్త చెప్పిన మాటకైనా పరీక్ష తప్పదని మెచ్నికోవ్ జీవితం మనకు నేర్పుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. మెచ్నికోవ్ భావనలలో ఏది తప్పని తేలింది? ఏది నిలిచింది?
2. పైత్యరస లవణాలు బయటకు పోతే రక్తంలో కొలెస్ట్రాల్ ఎందుకు తగ్గుతుంది?