మిల్లు కుర్రాడు.. మాటల మూట

పదిహేనేళ్లు వచ్చేదాకా అక్షరం ముక్క రాదు. ఆ కుర్రాడే పెద్దయ్యాక ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. పల్లె జనం మాట్లాడే ఇంగ్లీషుకు ఆరు సంపుటాల నిఘంటువు కట్టాడు. ఆయనే జోసెఫ్ రైట్.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బ్రాడ్‌ఫర్డ్ దగ్గర 1855లో పుట్టాడు. పేద కుటుంబం. ఆరేళ్లకే రాతి క్వారీలో పని. కూలీల పనిముట్లను గాడిద బండి మీద కమ్మరి కొలిమికి చేర్చేవాడు. తర్వాత సాల్టేర్ ఉన్ని మిల్లులో నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టే పని. 1870లో ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధ వార్తల్ని తోటి పనివాడు పేపర్లో చదువుతుంటే విన్నాడు. తనకూ చదువు రావాల్సిందేనని పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఆనక ఇంట్లోనే రాత్రి బడి పెట్టి, వారానికి రెండు పెన్నీల చొప్పున పదిమందికీ చెప్పాడు. కూడబెట్టిన డబ్బుతో 1876లో జర్మనీ బయల్దేరాడు. ఆంట్‌వెర్ప్ నుంచి హైడల్‌బర్గ్ దాకా కాలినడకే! 1885లో అక్కడే డాక్టరేట్ సాధించాడు.

ఇంత చదివినా ఊరి యాసను వదల్లేదు. యార్క్‌షైర్ వాళ్లకు ఏమీ లేదంటే ‘నౌట్’, ఏదైనా అంటే ‘ఔట్’. ‘లేక్’ అంటే ఆడుకోవడం. మిల్లులో పని దొరక్క ఖాళీగా ఉన్నా అదే మాట. బడిలో వీటిని మోటు మాటలని తీసిపారేసేవారు. నిజానికి ‘నౌట్’ పాత ఇంగ్లీషు నాటిది, ‘లేక్’ వైకింగుల భాష నుంచి వచ్చింది. చెడిపోయిన ఇంగ్లీషు కాదు, పాత ఇంగ్లీషే ఇంకా బతికుందన్నమాట. తాను పెరిగిన విండ్‌హిల్ యాసకు రైట్ 1892లో ఏకంగా వ్యాకరణమే రాశాడు.

ఇంగ్లీషు మాండలికాల సంఘం 1873 నుంచి పోగేసిన పదాలు ఆయన చేతికొచ్చాయి. వందలమంది ఊళ్ల నుంచి ఇంకా పంపారు. అమ్ముడుపోతుందో లేదో తెలియని పుస్తకానికి సొంత డబ్బు పెట్టాడు. భార్య ఎలిజబెత్ పక్కనే కూర్చుని పనిచేసింది. 1898 నుంచి 1905 దాకా సంపుటాలు వెలువడ్డాయి. సుమారు 70 వేల పదాలు! ఏ మాట ఏ జిల్లాలో వాడతారో, ఎలా పలుకుతారో అన్నీ అందులో ఉన్నాయి.

1901లో, మాక్స్ ముల్లర్ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో తులనాత్మక భాషాశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్ ఆయన శిష్యుడే. 1930లో కన్నుమూశాడు.

సాల్టేర్ మిల్లు 1986లో మూతపడింది. అక్కడి కూలీల నోట నలిగిన మాటలు చాలావరకు వాడుక తప్పాయి. వాటి అర్థం కావాలంటే ఇవాళ్టికీ పండితులు విప్పేది ఆ మిల్లు కుర్రాడి నిఘంటువునే.