మంచాలకు వచ్చిన మన్రో దొర

ఆదోని నుంచి గానీ, ఎమ్మిగనూరు నుంచి గానీ బయలుదేరి, తుంగభద్రా తీరాన వెలసిన మంత్రాలయ క్షేత్రాన్ని మీరు ఎన్నోసార్లు సేవించి ఉంటారు. నదిలో స్నానమాడి, ముందుగా గ్రామదేవత మంచాలమ్మకు మ్రొక్కి, ఆపైన శ్రీ రాఘవేంద్రస్వామివారి మూల బృందావనం ఎదుట చేతులు జోడించి నిలిచి ఉంటారు. ఆ బృందావనం ఎదుట ఒకనాడు టోపీ తీసి, పాదరక్షలు విడిచి నిలబడిన ఒక ఆంగ్లేయ ఉద్యోగి కథ మీరు పెద్దల నోట వినే ఉంటారు. ఆయనే సర్ థామస్ మన్రో. మన సీమ ప్రజలకు మన్రో దొర.

మంత్రాలయానికి పూర్వనామం మంచాల. ఆదోనిని ఏలిన సిద్ధి మసూద్ ఖాన్ కాలంలో ఆ గ్రామం స్వామివారికి దానంగా లభించింది. ఆ దానానికి కారకుడు దివాన్ వెంకన్న. పశువులు కాచుకునే అనాథ బాలుడు స్వామివారి అనుగ్రహంతో అక్షరాలు చదవగలిగి, ఆదోని దివాన్ అయిన ఆ వృత్తాంతం మీకు తెలియనిది కాదు. 1671లో స్వామివారు మంచాలలో సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. నవాబులు పోయారు, నిజాము వచ్చాడు, నడుమ మైసూరు సైన్యాలు ఆదోని కోటపై విరుచుకుపడ్డాయి. 1800 అక్టోబరులో నిజాము ఈ ప్రాంతాన్నంతటినీ ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలో కొంత భాగం. ఇవన్నీ కలిసి దత్తమండలాలయ్యాయి. వీటికి ప్రధాన కలెక్టరుగా వచ్చినవారే మన్రో.

ఆయన 1761 మే 27న స్కాట్లాండు దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి వర్తకుడు, వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోయింది. 1780లో సైనిక క్యాడెట్ హోదాలో మద్రాసులో దిగిన ఆ యువకునికి అండ అంటూ ఎవరూ లేరు. పారసీకం, హిందూస్థానీ పట్టుదలతో నేర్చుకున్నారు. బారామహలులో ఏడేళ్ళు రెవెన్యూ పని నేర్చి, కన్నడ తీరంలో కొంతకాలం కలెక్టరుగా చేసి, దత్తమండలాలకు వచ్చారు.

వచ్చేనాటికి ఇక్కడి పరిస్థితి ఏమిటో ఊహించండి. సుమారు ఎనభైమంది పాలెగాళ్ళు. పన్ను ఎవరికి కట్టాలో రైతుకు తెలియదు. ఒకరికి కట్టినా మరొకడు వచ్చి గుంజుకుపోయేవాడు. అటువంటి సీమలో మన్రో ఏళ్ళ తరబడి గుడారాలలోనే కాపురముండి గ్రామగ్రామం తిరిగారు. వెంట సిపాయిల దండు ఉంటే వారు పల్లె జనాన్ని పీడిస్తారని, కాపలా లేకుండానే సంచరించేవారు. గుడారం ముందు రైతులు కూర్చుంటే, వారి కమతాల సంగతి వారినే అడిగి వినేవారు. కచేరీలో కూర్చుని కరణం రాసి తెచ్చిన లెక్కపై సంతకం చేస్తే సరిపోయే ఉద్యోగమే అది. ఆయన అలా సరిపెట్టుకోలేదు.

ఆయన చేయించిన భూమి కొలత మరొక విశేషం. 33 అడుగుల గొలుసుతో పొలాలను కొలిపించారు. ఆ గొలుసు చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. మన తాతలు పొలాన్ని ఎకరాల్లో, గుంటల్లో చెప్పుకున్న లెక్క ఇదే. ఒకరు కొలిచినదాన్ని మరొకరు తిరిగి కొలిచి సరిచూడాలి. తప్పు దొరికితే కొలిచినవాడు జవాబు చెప్పాలి.

అయితే ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. మన్రో కంపెనీ సేవకుడే. ఆయన హయాంలో విధించిన శిస్తు తేలికైనది కాదు. పండిన పంటలో నూటికి సుమారు నలభై అయిదు పాళ్ళు సర్కారుకే పోయేది. వసూళ్ళు పెరిగాయి, పైవారు మెచ్చుకున్నారు. లోకరీతిని చూస్తే అక్కడితో ఆ అధికారి తృప్తిపడాలి. మన్రోకు మాత్రం తాను వేసిన శిస్తే కంటిలో నలుసయింది. 1807లో ఈ సీమను విడిచి స్వదేశానికి వెళ్ళబోతూ, సర్కారు వాటా మూడోవంతుకు మించరాదని, అందుకోసం శిస్తును నూటికి ఇరవై అయిదు తగ్గించాలని, తోటలకూ తరి భూములకూ ఇంకొంత తగ్గించాలని పైవారికి రాశారు. ఖజానాకు నష్టమన్నారు, ఒప్పుకోలేదు. పైగా రైతులతో నేరుగా ఉన్న ఒప్పందాలను తీసివేసి, ఊళ్ళను గుత్తలకు ఇచ్చారు. గుత్తదారులూ రైతులూ ఇద్దరూ దెబ్బతిన్నారు.

పదమూడేళ్ళు గడిచాయి. 1820లో ఆ మన్రోయే మద్రాసు గవర్నరుగా వచ్చారు. గుత్తల పద్ధతికి స్వస్తి చెప్పి, రైత్వారీని తిరిగి నెలకొల్పి, తాను ఏనాడో కోరిన శిస్తు తగ్గింపును తానే అమలు జరిపారు. ఉద్యోగం మారితే పాత దస్త్రం మనది కాదనుకునేవారు ఏ కాలంలోనైనా ఎక్కువే కదా! నడుమ 1813లో బ్రిటిషు పార్లమెంటు ఎదుట సాక్ష్యమిస్తూ, తాను ఏడేళ్ళుగా వాడుతున్న భారతీయ శాలువా ఇంకా చెక్కుచెదరలేదని, ఐరోపాలో తయారైనదాన్ని ఊరికే ఇచ్చినా వాడనని చెప్పారు. మగ్గాల ఊరైన ఎమ్మిగనూరు వారు ఈ సంగతి తెలుసుకోదగినది.

ఇక మంచాల సంగతి. కంపెనీ వారు పాత మాన్యాలన్నింటినీ విచారించసాగారు. సరైన ఆధారం లేని మాన్యాన్ని సర్కారులో కలుపుకోవాలి. మంచాల కూడా ఆ పట్టీకెక్కింది. మఠ సంప్రదాయం చెప్పే ప్రకారం, విచారణకు మన్రో స్వయంగా వచ్చారు. బృందావనం సన్నిధిలో ఆయన ఎవరితోనో సంభాషిస్తుంటే, పక్కనున్నవారికి ఆ రూపం కనిపించలేదు, ఆ స్వరం వినిపించలేదు. బయటకు వచ్చిన దొర ఆ తేజోమూర్తి ఎవరని అడిగితే, అందరూ నిశ్చేష్టులయ్యారట. స్వామివారు ఒసగిన మంత్రాక్షతలను ఆయన భక్తితో స్వీకరించి, మాన్యాన్ని మఠానికే నిలిపారు. ఈ ఉదంతం మద్రాసు గెజిటులోకి కూడా ఎక్కిందని భక్తులు చెప్పుకుంటారు. దూరాన కూర్చుని ఒక్క గీతతో కొట్టివేయగల గ్రామం అది. ఆ గీత గీయడానికి ముందు ఆ దొర అక్కడికి నడిచివచ్చారు. భక్తుల కన్ను స్వామివారి దర్శనం మీద నిలుస్తుంది, అది సహజం. ఆ రాకను కూడా ఒక్క క్షణం తలచుకోండి.

తిరుమల శ్రీవారికి నైవేద్యం నివేదించే గంగాళానికి మన్రో పేరు నిలవడం మీరు వినే ఉంటారు. ప్రసాదం స్వీకరించగా ఆయన కడుపునొప్పి నయమైందని, ఆ కృతజ్ఞతతో ఏర్పాటు చేసిన కైంకర్యమిది అని పెద్దలు చెబుతారు. కడప జిల్లా గండి క్షేత్రంలో పాపాఘ్ని నదిపై బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందని, అది కనబడినవారు పుణ్యాత్ములేగానీ ఎక్కువకాలం జీవించరని మరొక కథ.

1827 నాటికి ఆయనకు అరవై ఆరేళ్ళు. అప్పటికే రాజీనామా ఇచ్చి, తన స్థానంలో వచ్చేవారి కోసం ఎదురుచూస్తున్నారు. జబ్బుపడిన చిన్న కుమారునితో భార్య ఓడెక్కి వెళ్ళిపోయింది. మద్రాసులో విశ్రమించవచ్చు. కానీ తాను పాతికేళ్ళ క్రితం గుడారాలు వేసుకుని తిరిగిన సీమను చివరిసారి చూడాలని బయలుదేరారు. దారిలో కలరా పాకుతోంది. గుత్తి దాటి పత్తికొండ చేరారు. జులై 6 ఉదయం ఆయనకే ఆ వ్యాధి సోకింది. పరిచర్య చేస్తున్నవారికి అంటుకుంటుందని, గుడారం వెలుపలికి వెళ్ళండని పదే పదే వారిని వేడుకున్నారు. వారు కదలలేదు. ఆ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో కన్నుమూశారు.

మరునాడు గుత్తిలో ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర బావి తవ్వించి, చింతతోపు వేయించారు. గుత్తిలో సత్రం వెలసింది. ఆదోని, పత్తికొండ పల్లెల్లో తల్లిదండ్రులు తమ బిడ్డలకు చాలాకాలం మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.