మాటల మూలాలు వెదికిన చిలుకూరి నారాయణరావు

దివ్య ఖుర్ఆన్‌ను మొదట తెలుగులోకి తెచ్చినదెవరని అడిగితే మన ఇళ్ళలో చాలామంది ఏదో ఒక మౌలానా పేరు చెప్పబోతారు. నిజానికి ఆయన ఒక హిందూ పండితుడు. అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు బోధించిన డాక్టర్ చిలుకూరి నారాయణరావు గారు.

ఆయన 19వ శతాబ్దం చివర ఉత్తరాంధ్రలో జన్మించారు. గిడుగు రామమూర్తి పంతులు గారి బాటలో వాడుక భాషను సమర్థించారు. ఆయన రచించిన ‘ఆంధ్రభాషా చరిత్రము’ను 1937లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది. తెలుగు ప్రాకృతం నుండి పుట్టిందన్న ఆయన వాదాన్ని తరువాతి పండితులు ఒప్పుకోలేదు. అయినా ఆ శ్రమను అందరూ గౌరవించారు.

మాటకున్న బలం ఆయనకు తెలుసు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఆంగ్లేయులకు అప్పగించడంతో వీటికి ‘సీడెడ్’, అనగా ఇచ్చివేసిన జిల్లాలు అనే పేరు పడింది. 1928 నంద్యాల సభలో ఆ పేరు మాని ‘రాయలసీమ’ అందామని ప్రతిపాదించింది ఆయనే.

ఆయన ఖుర్ఆన్ అనువాదం 1930లో మద్రాసులో అచ్చయింది. అదెంత కష్టమైన పనో మదరసాలో సర్ఫ్ చదువుకున్న మాకు తెలుసు. అరబీలో చాలా పదాలు మూడక్షరాల ధాతువు నుండి పుడతాయి. ర, హ, మ అనే ధాతువునే తీసుకోండి. రహ్మత్ అంటే కారుణ్యం. రహ్మాన్, రహీమ్ అల్లాహ్ శుభనామాలు. మరణించిన వారిని మనం మర్హూమ్ అంటాం. రహిమ్ అంటే తల్లి గర్భం, దాని వల్ల ఏర్పడే రక్తసంబంధం కూడా. తెలుగులో కరుణామయుడు అంటే భావం అందుతుంది గాని, తల్లి గర్భంతో ఆ మాటకున్న చుట్టరికం కనబడదు. ఇది అనువాదకుని లోపం కాదు, భాషల స్వభావం.

షూరా సూరాలో, జనులు ఆశ వదులుకున్నాక కురిసే వానను అల్లాహ్ తన కారుణ్యంతో కలిపి ప్రస్తావించాడు. ఉర్దూలో మనం బారానె రహ్మత్ అంటాం. వేరుశనగ విత్తి మబ్బుల వైపు చూసే అనంతపురం రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే ఆలోచించండి. కరువొస్తే ఇస్తిస్ఖా నమాజుకు మైదానానికి వెళ్తాం, రహ్మత్ కోసం చేతులెత్తుతాం. అదే మనం రెండెకరాల కోసం అన్నతో మాటలు మానేస్తాం, చెల్లెలి వాటా ఎగవేస్తాం. రహిమ్ అనే పేరు రహ్మాన్ నుండే వచ్చిందని, బంధుత్వాన్ని తెంచినవాడిని అల్లాహ్ తన నుండి తెంచివేస్తాడని దైవప్రవక్త (స) బోధించారు. రహిమ్‌ను తెంచి రహ్మత్‌ను అడగడం ఏమి న్యాయం?

నారాయణరావు గారు 1950ల తొలి ఏళ్ళలో కన్నుమూశారు. మౌలానా అబ్దుల్ గఫూర్ గారు మొదలైన మన పండితులు కూడా అనువాదాలు అందించారు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాడన్నది మన ధర్మబోధ. కనుక తొలి అడుగు వేసిన ఆ అనంతపురం అధ్యాపకుణ్ణి మరువరాదు. అటక మీది అనువాదాన్ని ఈ రోజే దించి, ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. అల్లాహ్ మన బంధుత్వాలను కలిపి, మన నేలపై తన రహ్మత్‌ను కురిపించుగాక! ఆమీన్.