డెబ్బై ఏళ్లకు అందిన పదవి: డా. జాకిర్ హుస్సేన్ సాహెబ్

మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి కావాలంటే 35 ఏళ్లు నిండి ఉండాలి. ఇన్నేళ్లకు మించరాదన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. కానీ ఇంతవరకు ఆ పదవిని అలంకరించిన వారంతా అరవై దాటినవారే. బాబూ రాజేంద్రప్రసాద్ గారు 65 ఏళ్ల వయసులో రాష్ట్రపతి అయి, 77 ఏళ్లకు దిగిపోయి పాట్నా చేరుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 1963 ఫిబ్రవరిలో కన్నుమూశారు. రాధాకృష్ణన్ గారు 78 ఏళ్లకు పదవి విడిచి మద్రాసు వెళ్లి, 86 ఏళ్ల దాకా జీవించారు. మన నీలం సంజీవరెడ్డి గారు 64 ఏళ్లకే రాష్ట్రపతి అయ్యారు. 2022లో ద్రౌపది ముర్ము గారు వచ్చేదాకా అందరిలోకీ చిన్నవారు ఆయనే. పదవి ముగిశాక అనంతపురం వెళ్లిపోయి, 1996లో 83వ ఏట మరణించారు.

వీరందరికీ పదవి తర్వాత ఎంతో కొంత విశ్రాంతి దొరికింది. అది దక్కని మొదటి రాష్ట్రపతి డా. జాకిర్ హుస్సేన్ సాహెబ్. మన హైదరాబాదులో పుట్టిన ఆ మహనీయుని జీవితాన్ని ఆయన వయసు మెట్ల మీదుగా పాఠకులకు వివరించాలని మా కోరిక.

జాకిర్ సాహెబ్ 1897 ఫిబ్రవరి 8న జన్మించారు. ఆయన పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్ పఠాన్లు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదు వచ్చి వకీలుగా మంచి పేరు గడించారు. జాకిర్ సాహెబ్‌కు పదేళ్లప్పుడు తండ్రి పోయారు. కుటుంబం తిరిగి కాయంగంజ్ చేరింది. 1911లో ప్లేగు సోకి తల్లి కూడా పోయింది. తల్లీ తండ్రీ లేని పిల్లవాడు ఇటావా స్కూల్లో, ఆ తర్వాత అలీగఢ్‌లో చదువుకున్నాడు.

1920లో, ఆయనకు 23 ఏళ్లు. సర్కారు సాయంతో నడిచే కాలేజీలు విడిచి రమ్మని గాంధీజీ, అలీ సోదరులు పిలుపు ఇచ్చారు. జాకిర్ సాహెబ్ కాలేజీ వదిలేశారు. ఆ అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. రెండేళ్లకు ఆయన జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు సంపాదించారు. ఇక్కడ చూస్తే జామియా ఖజానా ఖాళీ, మూసేద్దామా అన్న మాట కూడా వచ్చింది. మూయవద్దు, మేం వచ్చి పని చేస్తామని ఆయన, మిత్రులు ఆబిద్ హుస్సేన్, ముజీబ్ గార్లు అక్కడినుంచే కబురంపారు.

1926లో, 29 ఏళ్ల వయసులో, ఆ చితికిన సంస్థకు వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1928లో ఆయనా, తోటి ఉపాధ్యాయులూ ఒక ప్రతిజ్ఞ చేశారు: నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్లు సేవ చేస్తామని. జర్మనీ డాక్టరేటు ఉన్న మనిషికి పెద్ద ఉద్యోగం దొరకడం ఆ రోజుల్లో ఏమంత కష్టం? అయినా ఆయన కదల్లేదు. చందాల కోసం ఊరూరా తిరిగారు, చిన్న పిల్లలకు పాఠాలు చెప్పారు, వారి కోసం కథలు రాశారు. ఓఖ్లాలో కొత్త భవనానికి 1935లో పునాది రాయి వేయించింది కూడా ఏ నవాబు చేతనో కాదు, బడిలో అందరికంటే చిన్న పిల్లవాడి చేత! 40వ ఏట, గాంధీజీ ప్రాథమిక విద్యా పథకాన్ని రూపొందించిన వార్ధా కమిటీకి అధ్యక్షత వహించారు.

1947లో దేశ విభజన అల్లర్లలో, జలంధర్ స్టేషన్‌లో ఆయన ప్రాణం పోవలసిందే. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే అధికారి అడ్డుపడి కాపాడారు. ఆ మరుసటి ఏడాదే, 51 ఏళ్ల వయసులో, అలీగఢ్ విశ్వవిద్యాలయం బాధ్యత తీసుకున్నారు. అనుమానాల మధ్య నలిగిపోతున్న ఆ సంస్థను ఎనిమిదేళ్లపాటు నిలబెట్టారు.

పెద్ద పదవులన్నీ ఆ తర్వాతే. 60 ఏళ్లకు బీహార్ గవర్నరు, 65కు ఉపరాష్ట్రపతి. 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు ప్రత్యర్థి మన రాజమండ్రి వాస్తవ్యులు, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. జాకిర్ సాహెబ్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావు గారికి 3,63,971 వచ్చాయి. అలా 70 ఏళ్లకు, మే 13న, ఈ దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి భవన్‌లోనూ గులాబీ మొక్కలను ఆప్యాయంగా పెంచుకున్నారు.

1969 మే 3న ఉన్నట్టుండి గుండె ఆగిపోయింది. అప్పటికి 72 ఏళ్లు. పదవిలో రెండేళ్లు నిండడానికి ఇంకా పది రోజులు ఉంది. తాను పెంచిన జామియా ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు.

లెక్క వేసి చూద్దాం. రాష్ట్రపతిగా రెండేళ్లు కూడా లేవు. జామియాకు ఇచ్చింది ఇరవై రెండేళ్లు, అదీ నడి యౌవనం. మన ఇళ్లలో చాలామంది ముందు స్థిరపడదాం, సంఘం పని రిటైరయ్యాక చూద్దాం అంటుంటారు. జాకిర్ సాహెబ్ అలా ఆగి ఉంటే ఆయనకు ఆ సమయమే దొరికేది కాదు. ఈ నాలుగు మాటలు మన పిల్లల చేత కూడా ఒకసారి చదివించవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.