లూయిస్ ఐ. గ్రాస్‌మన్

లూయిస్ ఐ. గ్రాస్‌మన్ (డిసెంబరు 16, 1901 - మార్చి 24, 1988) అమెరికాకు చెందిన ప్రముఖ దంతవైద్యుడు, ఆచార్యుడు, గ్రంథకర్త. పంటి లోపలి మజ్జకు, వేరు చివరి కణజాలానికి వచ్చే వ్యాధులను నయంచేసే ఎండోడాంటిక్స్ శాఖకు ఈయనను పితామహులలో ఒకనిగా పరిగణిస్తారు. పిప్పిపన్నును ఊడబెరకడమే సరైన వైద్యమని చాలామంది నమ్మిన కాలంలో, రూట్ కెనాల్ చికిత్సతో ఆ పన్నును నిలుపుకోవచ్చునని బోధించిన వారిలో ఈయన ముఖ్యుడు. సాధారణ దంతవైద్యులకు ఈ చికిత్సను నేర్పే పాఠ్యగ్రంథాన్ని రచించడంతో పాటు, ఇది ఒక ప్రత్యేక వైద్యశాఖగా ఎదగడానికి కూడా కృషి చేశాడు.

బాల్యం, విద్యాభ్యాసం

గ్రాస్‌మన్ 1901లో నాటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా సమీపంలో జన్మించాడు. ఒడెస్సా ప్రస్తుతం ఉక్రెయిన్‌లో ఉంది. ఈయన చిన్నతనంలోనే అమెరికా చేరుకున్నాడు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుండి 1923లో దంతవైద్య పట్టా పొందాడు. 1927లో అదే విశ్వవిద్యాలయంలో అధ్యాపకునిగా చేరాడు. 1928లో జర్మనీలోని రోస్టాక్ విశ్వవిద్యాలయం నుండి మరొక పట్టా అందుకున్నాడు. తరువాతి జీవితమంతా ఫిలడెల్ఫియాలోనే బోధన, పరిశోధన, వైద్యవృత్తులలో గడిపాడు.

నాటి పరిస్థితులు

1910లో బ్రిటిషు వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్‌లో చేసిన ప్రసంగం దంతవైద్యాన్ని కుదిపివేసింది. చీము పట్టిన పళ్ళపై బంగారు తొడుగులు వేసి వదిలివేయడం వలన శరీరమంతటా రోగాలు వ్యాపిస్తున్నాయని అతడు విమర్శించాడు. తరువాత షికాగోకు చెందిన ఫ్రాంక్ బిల్లింగ్స్ వంటి వైద్యులు దీనిని ఒక సిద్ధాంతంగా విస్తరించారు. కీళ్ళనొప్పులు మొదలు గుండెజబ్బుల వరకు పలు వ్యాధులకు పళ్ళలో దాగిన సూక్ష్మజీవులే మూలమన్న భావన బలపడింది.

దీని ఫలితంగా లక్షణాలు లేని పళ్ళను కూడా పెద్ద ఎత్తున తీసివేశారు. ఫిలడెల్ఫియాకు చేరువలోనే ఉన్న ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు మతిభ్రమణానికి చికిత్సగా రోగుల పళ్ళన్నింటినీ తీయించాడు. ఈ వాతావరణంలో అనేక దంతవైద్య కళాశాలలు రూట్ కెనాల్ బోధనను తగ్గించివేశాయి. గ్రాస్‌మన్ దంతవైద్యం చదివినది, బోధన ప్రారంభించినది ఈ దశలోనే.

పరిశోధనలు

రూట్ కెనాల్‌ను సమర్థించాలంటే వాదన చాలదని, వేరులోని నాళం సూక్ష్మజీవులు లేకుండా శుభ్రపడినదని నిరూపించాలని గ్రాస్‌మన్ గుర్తించాడు. నాళం నుండి నమూనా తీసి ప్రయోగశాలలో పరీక్షించిన తరువాతనే దానిని పూడ్చే పద్ధతిని ప్రచారం చేశాడు. హైపోక్లోరైట్ ద్రావణం పంటిలోని చనిపోయిన మజ్జను కరిగిస్తుందని 1941లో సహపరిశోధకునితో కలసి ప్రచురించాడు. 1943లో ఈ ద్రావణాన్ని, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మార్చి మార్చి వాడి నాళాన్ని కడిగే విధానాన్ని వివరించాడు. నేటికీ రూట్ కెనాల్‌లో ప్రధానంగా వాడే ద్రావణం సోడియం హైపోక్లోరైటే.

శుభ్రపరిచిన నాళాన్ని గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో నింపేటప్పుడు, సందులు లేకుండా అతికించడానికి జింకు ఆక్సైడు, లవంగనూనెలోని యూజినాల్ ఆధారంగా ఒక లేపనాన్ని రూపొందించాడు. ఇది గ్రాస్‌మన్ సీలర్ పేరుతో ప్రసిద్ధి చెందింది. ఆదర్శవంతమైన పూరకానికి ఉండవలసిన లక్షణాలను తెలిపే ఈయన జాబితాను దంతవైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు.

ఈయన పద్ధతులన్నీ కాలానికి నిలువలేదు. ఈయన వాడిన వెండి పుల్లలు తుప్పు పడుతున్నట్లు తేలడంతో వాటి వాడుక తగ్గిపోయింది. 1951లో ప్రవేశపెట్టిన పెన్సిలిన్ మిశ్రమ లేపనం, అలెర్జీ ప్రమాదం వలన తరువాత వాడుక నుండి తొలగింది. ప్రతి పంటికి నమూనా పరీక్ష చేసే అలవాటు కూడా క్రమంగా పోయింది.

గ్రంథం, ప్రత్యేక శాఖ

గ్రాస్‌మన్ రచించిన రూట్ కెనాల్ థెరపీ 1940లో వెలువడింది. అదే సంవత్సరం రీమన్, హేవెన్స్ అనే వైద్యులు పళ్ళే సకల రోగాలకు మూలమన్న సిద్ధాంతంలోని లోపాలను చూపుతూ వ్యాసం ప్రచురించారు. పన్ను తీయడమే పరిష్కారమన్న నమ్మకం సడలుతున్న సమయంలో, దానిని ఎలా నిలపాలో చెప్పే పుస్తకం అందుబాటులోకి వచ్చింది. తరువాత ఈ గ్రంథం ఎండోడాంటిక్ ప్రాక్టీస్ అనే పేరు పొందింది. 1988లో వెలువడిన 11వ కూర్పును సేమూర్ ఓలియెట్, కార్లోస్ డెల్ రియోలతో కలసి సిద్ధపరచాడు.

1943లో షికాగోలో అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం ఏర్పడింది. దాని స్థాపకులలో గ్రాస్‌మన్ ఒకడు. అప్పటికి ఎండోడాంటిక్స్‌కు ప్రత్యేక శాఖగా గుర్తింపు లేదు. 1953లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదటి అంతర్జాతీయ ఎండోడాంటిక్స్ సదస్సు జరగడంలో ఈయన ప్రధాన పాత్ర వహించాడు. 1958లో జరిగిన రెండవ సదస్సులో జాన్ ఇంగిల్, లెవీన్ నాళాన్ని గీకే ఫైళ్ళకు ఒకే కొలతలు ఉండాలని ప్రతిపాదించారు. అంతవరకు ఒక్కొక్క తయారీదారుది ఒక్కొక్క కొలత. ఇప్పుడు 25వ నంబరు ఫైలు అంటే దాని కొన 0.25 మిల్లీమీటర్లని ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. 1963లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఎండోడాంటిక్స్‌ను ప్రత్యేక శాఖగా గుర్తించింది.

భారతదేశంలో ప్రభావం

భారతదేశంలో తొలి దంతవైద్య కళాశాలను 1920లో రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో స్థాపించాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. గ్రాస్‌మన్ గ్రంథం భారతీయ కళాశాలలలో ముఖ్య పాఠ్యపుస్తకాలలో ఒకటిగా స్థిరపడింది. ఈయన మరణానంతరం భారతీయ దంతవైద్యులు సురేశ్ చంద్ర, గోపీకృష్ణ దీనిని సవరించి కొత్త కూర్పులు వెలువరించారు. ఈ విధంగా తిరుపతిలో దంతవైద్యం చదివే విద్యార్థికి కూడా గ్రాస్‌మన్ పేరు సుపరిచితమైనది.

భారతదేశంలో బి.డి.ఎస్. చదివిన ప్రతి దంతవైద్యుడు రూట్ కెనాల్ నేర్చుకుంటాడు, చట్టప్రకారం చేయవచ్చు. ఆపైన మూడేళ్ళు కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్ విభాగంలో ఎం.డి.ఎస్. చేసినవారు ఈ చికిత్సలో నిపుణులు. పళ్ళ వరుస సరిచేయడం, చిగుళ్ళ వైద్యం వంటి ఇతర విభాగాలకూ ఎం.డి.ఎస్. పట్టా ఉన్నందున, బోర్డుపై ఆ అక్షరాలు ఉన్నంత మాత్రాన రూట్ కెనాల్ నిపుణుడని భావించరాదు. విభాగం పేరు కూడా చూడవలసి ఉంటుంది.

ఎవరిని సంప్రదించాలి

తిరుపతి, చిత్తూరు పట్టణాలలో పంటినొప్పితో బాధపడేవారు సాధారణంగా తమ వీధిలోని దంతవైద్యుని వద్దకే మొదట వెళ్తారు. తిరుపతిలో సి.కె.ఎస్. తేజ దంతవైద్య కళాశాల ఉంది. చిత్తూరు వాసులకు సుమారు 40 కిలోమీటర్ల లోపున వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల అందుబాటులో ఉంది. చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చేవారికి ఒకటికి రెండుసార్లు ప్రయాణమంటే కూలి పోవడం, బస్సు ఖర్చు కూడా లెక్కలోకి వస్తాయి. అందుచేత నిపుణుని అవసరం నిజంగా ఎప్పుడన్నది ముఖ్యమైన ప్రశ్న.

దీనికి సమాధానం చాలావరకు పంటి నిర్మాణంలోనే ఉంది. పై ముందు పళ్ళకు సాధారణంగా ఒకే వేరు, ఒకే నాళం ఉంటాయి. నాళం తిన్నగా ఉంటే అనుభవమున్న సాధారణ దంతవైద్యుడు చికిత్స చేయగలడు. పై దవడపళ్ళకు మూడు వేర్లు, తరచుగా కంటికి సులభంగా కనిపించని నాలుగవ నాళం ఉంటాయి. కింది దవడపళ్ళకు మూడు లేదా నాలుగు నాళాలు ఉంటాయి. ఒక్క నాళం మిగిలిపోయినా సూక్ష్మజీవులు అక్కడే నిలిచి నొప్పి, వాపు తిరగబెట్టవచ్చు.

వేర్లు బాగా వంకరగా ఉన్నప్పుడు, నాళం సున్నం పట్టి మూసుకుపోయినప్పుడు, లోపల ఫైలు విరిగినప్పుడు, పిల్లలలో శాశ్వత పంటి వేరు పూర్తిగా ఎదగనప్పుడు, గతంలో చేసిన రూట్ కెనాల్ విఫలమైనప్పుడు నిపుణుని సంప్రదించడం మేలు. ఇటువంటి సందర్భాలలో సూక్ష్మదర్శిని, త్రిమితీయ ఎక్స్-రే ఉపయోగపడతాయి. ఎవరు చేసినా, ముందుగా ఎక్స్-రే తీయడం, లాలాజలం నాళంలోకి చేరకుండా రబ్బరు తెర కట్టడం, దవడపంటికి చివర తొడుగు వేయడం మంచి చికిత్సకు గుర్తులు. తన చేతికి అందని కేసును మొదట్లోనే నిపుణునికి పంపే సాధారణ వైద్యుడు రోగి పన్నును కాపాడినవాడే అవుతాడు.

మరణం, స్మృతి

గ్రాస్‌మన్ 1988 మార్చి 24న మరణించాడు. వంకర నాళాలలో సులభంగా వంగే నికెల్-టైటానియం ఫైళ్ళపై తొలి పరిశోధన వెలువడినది కూడా ఆ సంవత్సరమే. అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం ఈయన పేరిట పురస్కారం ఇస్తున్నది. ఈయన వాడిన మందులు కొన్ని మారినా, నాళాన్ని శుభ్రపరచి, సందులేకుండా మూసివేస్తే పన్నును తీయనవసరం లేదన్న మూలసూత్రం నేటి దంతవైద్యంలో కొనసాగుతున్నది.